గురుముఖం ఎవరికి? పుస్తకం ఎవరిది?

‘సంగీతం గురుముఖతా రావాలి గానీ పుస్తకం చూస్తే వస్తుందా?’ మన సంగీత లోకంలో ఈ మాట ఎంత పాతదంటే ఎవరూ దాన్ని ప్రశ్నించరు. వినడానికి కళ మీద గౌరవంలాగే ఉంటుంది. నాకు మాత్రం గుమ్మం దగ్గర కాపలాలా వినిపిస్తుంది. గురువు ఎదుట కూచునే అవకాశం ఏ కులం వాళ్లకుంది? ఏ ఊరి వాళ్లకుంది? ఏ ఆడవాళ్లకుంది? ఇవి అడగకుండా గురుముఖం గొప్పతనం చెప్పడం అన్యాయం.

మాది నిజామాబాద్ జిల్లా మోస్రా. నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి, చెరకు పండిన నేల. కాలువ వెంట కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు వెలిశాయి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా మాకు ఏడాదంటే చెరకు లెక్కే. ఇళ్ల ముందు ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. మా ఊళ్లో సంగీతం చెప్పేవాళ్లు లేరు. నా చేతికొచ్చింది పంచాపకేశయ్యర్ ‘గానామృత బోధిని’. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు. అక్షరం మీద చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. ఎవరి గడపా తొక్కకుండా, ఎవరి కాళ్లకీ మొక్కకుండా ఒక ఆడపిల్లకు దొరికిన పాఠం అది. తర్వాత నగరంలో ఒక పెద్దాయన నా పాట రెండు నిమిషాలు విని, ‘ఇది పుస్తకం పాట’ అని తేల్చేశాడు. ఆ మాట పాట అయిపోగానే అనలేదు. మా ఊరి పేరూ, ఇంటిపేరూ అడిగి తెలుసుకున్నాక అన్నాడు.

ఆయన మాటలో అసలు నిజం లేదా? ఉంది. తోడి రాగంలో గాంధారం కాగితం మీద ఒక్క ‘గ’. గొంతులోకి వచ్చేసరికి రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగే కంపితం. ఆ ఊగడం విని తీరాలి. కానీ ఇది అరకొర పుస్తకాల నేరం. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో తెలుగులో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు విడివిడిగా గుర్తులున్నాయి. ఆ పనికి ఆయన్ని పురికొల్పిన చిన్నస్వామి మొదలియారు 1893 నాటికే మన కృతుల్ని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించాడు. మరి పిల్లల పుస్తకాల్లో ఆ గుర్తుల్ని వదిలేసిందెవరు? వాళ్లే వదిలేసి, వాళ్లే ‘పుస్తకంలో గమకం ఉండదు’ అంటే ఎలా?

పాశ్చాత్య సంగీతంలో పుస్తకానికి ఈ చిన్నచూపు లేదు. కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగే హార్మనీకి 1722లోనే రామో శాస్త్రగ్రంథం రాశాడు. అక్కడ హార్మనీని పుస్తకాలు పెట్టుకునే నేర్చుకుంటారు. అయినా ఆడవాళ్లకు తలుపు తెరిచి లేదు. పారిస్ కన్సర్వేటరీలో సంగీత రచన తరగతి మగవాళ్లకే కాబట్టి లూయీజ్ ఫరాంక్ ఆ విద్యను రైషా దగ్గర విడిగా చెప్పించుకుంది. 1842లో అక్కడే పియానో ప్రొఫెసరయింది. మగవాళ్లతో సమానమైన జీతం కోసం 1850 దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ పుస్తకం ఇచ్చి తరగతి గది మూశారు. ఇక్కడ గురువును చూపించి పుస్తకాన్ని మూస్తున్నారు.

అసలు గురుముఖం అంటే మగ ముఖమే ఎందుకు గుర్తొస్తుంది? పదాలనూ జావళీలనూ గొంతులో దాచి మనదాకా తెచ్చింది వీణ ధనమ్మాళ్ వంటి స్త్రీలు. బెంగుళూరు నాగరత్నమ్మ తన డబ్బుతో తిరువైయారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే 1927లో స్త్రీల ఆరాధన వేరుగా మొదలుపెట్టింది. ఆమె 1910లో అచ్చు వేయించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ మీద మరుసటి ఏడే నిషేధం పడింది. అది తొలగింది 1947లో. అదే ఏడు మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. పాట మర్యాదస్తుల ఇళ్లలోకి వచ్చి పెళ్లిచూపుల అర్హతయింది. పాటను బతికించిన స్త్రీలు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయారు.

పుస్తకాన్ని వెనకేసుకొస్తున్న నాకే దాని మీద పెద్ద ఫిర్యాదుంది. బోధన్ పక్కన అమ్దాపూర్‌లో చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా చిందు భాగవతానికి పెద్ద దిక్కు. దళిత స్త్రీ. మోస్రాలో చదివిన నా సంగీత పుస్తకాల్లో ఆమె దరువు ఒక్కటీ స్వరాలతో లేదు. జానపద పాటల సంకలనాలా? నేను చూసినవాటిలో చాలావరకు మాటలే ఉన్నాయి, వరస లేదు. త్యాగరాజు పాటను స్వరాలతో రాసి సంగీతం అంటాం. మా అమ్మల బతుకమ్మ పాటను మాటలుగా రాసి ‘సాహిత్యం’ అంటాం. ఎవరి పాటకు వ్యాకరణం ఉందో, ఎవరిది ఉత్త గోలో ఈ అచ్చు పద్ధతే తేల్చేస్తోంది.

సంగీత శాఖల్లో, సాహిత్య శాఖల్లో ఉన్న స్నేహితురాళ్లను అడుగుతున్నాను. గమకాల గుర్తులు పిల్లల పుస్తకాల్లోకి తెండి. ప్రతి పాఠానికీ పాడిన ధ్వనిని జత చేయండి. మన ఊళ్లలో పాడే స్త్రీల దగ్గరికి వెళ్లినప్పుడు మాటలు రాసుకుని వచ్చేయకండి, వరస కూడా రాయండి. రాసిన పుస్తకం మీద ఆ పాడిన మనిషి పేరు వేయండి, రాబడిలో వాటా ఇవ్వండి. అంతవరకూ ‘గురుముఖం’ అనే మాటను నా ముందు ఎవరు వాడినా, ఎవరి ముఖం అని అడుగుతూనే ఉంటాను.