నేలను జూచి టైరు కొనవలెను

ఈ మధ్య మన సంఘ సభ్యులలో పలువురు మమ్మొక ప్రశ్న యడుగుచున్నారు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపును కొనియున్నాము, లేదా కొనదలచితిమి. దానికి ఎట్టి టైర్లు వేయింపవలెను? బురదలో దిగబడనివా, రోడ్డుపై మెత్తగా సాగునవా, రెంటికిని పనికివచ్చునవా? ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని నాలుగు టైర్ల వెల చిన్న రైతు పంట పెట్టుబడిలో చెప్పుకోదగిన భాగమగును. అంతకంటె ముఖ్యముగా, ఆ బండిలో మన ఆలుబిడ్డలు కూర్చుందురు. కావున మాకు తెలిసినంత వఱకు ఈ విషయమును విప్పి చెప్పి, మా యభిప్రాయమును సభ్యుల ముందుంచుచున్నాము.

ఈ ప్రశ్న మన ప్రాంతమున ఇప్పుడే పుట్టుటకు కారణము కలదు. మాదాపురమున సైబర్ టవర్సు భవనము 1998లో తెఱవబడినది. అది మొదలు మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట మొదలగు పల్లెలన్నియు ఒకటి వెంట నొకటి మహానగరములో కలిసిపోయినవి. మన పిల్లలు పెక్కుమంది అచ్చటనే కొలువులు చేయుచున్నారు. శనివారము వచ్చెనా, ఎత్తైన జీపులు పెద్ద పెద్ద గుబ్బల టైర్లతో మన డొంకలలోనికి వచ్చుచున్నవి. వానిని చూచిన మన యువకులు గుబ్బ యెంత పెద్దదైన బండికి అంత బలమని తలచుచున్నారు.

మన యవసరము వేఱు. శంకరుపల్లి, చేవెళ్ల, మొయినాబాదు వైపుల కూరగాయలును పూలును పండించువారు మెహదీపట్నము, ఎఱ్ఱగడ్డ రైతుబజారులకును, గుడిమల్కాపురపు పూలమార్కెటునకును సరకు తోలుదురు. ఒకే బండి తెల్లవాఱుజామున చెలకలో బయలుదేరి, ప్రొద్దెక్కునప్పటికి పట్టణపు సిమెంటు రోడ్డుపై నుండును. ఆ బండి దినమంతయు నడచు దూరములో పొలము పాలెంత, రోడ్డు పాలెంత అని మొదట లెక్క చూచుకొనవలెను. టైరు నెన్నుకొనుటకు ఇదియే మొదటి మెట్టు.

జీపులకు వేయు టైర్లు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది హైవే టైరు. దీని గాళ్లు సన్ననివి, గుబ్బలు దగ్గఱ దగ్గఱగా నుండును. రోడ్డును తాకు రబ్బరు ఎక్కువ గనుక పట్టు బాగుగా నుండును, చప్పుడు తక్కువ, డీజెలు ఆదా అగును. కాని తడిసిన మట్టిలో దీని గాళ్లు వెంటనే నిండిపోయి చక్రము నున్నగా తిరుగును. రెండవది మడ్ టైరు, అనగా బురద టైరు. దీని గుబ్బలు పెద్దవి, నడుమ ఖాళీలు వెడల్పు. బురద పట్టినను చక్రము వడిగా తిరిగినప్పుడు ఆ ఖాళీలనుండి విదిలిపోవును. కాని రోడ్డును తాకు రబ్బరు తక్కువగుటచేత, ముఖ్యముగా తడి రోడ్డుపై, బ్రేకు వేసిన పిమ్మట బండి మఱికొంత దూరము జరిగి గాని నిలువదు. చప్పుడెక్కువ, అరుగుదల యెక్కువ, డీజెలు ఖర్చు నెక్కువ. మూడవది ఆల్ టెరైన్ టైరు, అనగా అన్ని నేలల టైరు. ఇది పై రెంటికి నడుమది. ఏ యొక్క నేలయందును ఇది అన్నిటికంటె మేలైనది కాదు. ఏ నేలయందును మఱీ చెడ్డదియు కాదు.

ఇక మన నేలల సంగతి. ఎఱ్ఱ చెలకలలో మొరము, గులకరాళ్లు మెండు. ఇచ్చట కావలసినది లోతైన గుబ్బ కాదు, రాతికి కోసుకొనిపోని గట్టి ప్రక్కగోడ. మంచి ఆల్ టెరైన్ టైరు ఈ పనికి చాలును. నల్ల రేగడి వాన పడినంతనే జిగురువలె అంటుకొనును. అందులో హైవే టైరు అడుగు కదలదు, ఆల్ టెరైన్ టైరు కొంతసేపు పోయి పిమ్మట నిండిపోవును, బురద టైరు మఱికొంత దూరము పోవును. కాని రేగడి పూర్తిగా నానిన దినమున ఏ టైరైనను పోదగదు. ఎందుకో ముందు చెప్పెదము. వాగు ఇసుకలో కథ తలక్రిందులు. అచ్చట పెద్ద గుబ్బలు ఇసుకను త్రవ్వి బండిని పాతిపెట్టును; గాలి తగ్గించిన సాధారణపు టైరు ఇసుకపై పఱచుకొని తేలిపోవును.

ఈ విషయమున మేమును ఒకప్పుడు పొరపాటు చేసితిమి. దానిని దాచుట న్యాయము కాదు. మేము ఊరూర తిరుగు బండికి ఒక వర్తకుని మాట విని బురద టైర్లు వేయించితిమి. మొదటి వానకారున రేగడి డొంకలలో ఇతరుల బండ్లు నిలిచిపోగా మాది సాగిపోయినది. మాకు గర్వము కలిగెను. శ్రావణమాసమున ఒక సాయంకాలము మఱ్ఱిచెట్ల నడుమ చేవెళ్ల రోడ్డుపై వచ్చుచుంటిమి. వాన తుంపర. ఒక యావు రోడ్డునకు అడ్డము వచ్చెను. బ్రేకు వేసితిమి. బండి మేమనుకొన్న చోట నిలువక జారి రోడ్డు ప్రక్క గోతిలో దిగెను. మా ప్రక్కన కూర్చుండిన ముసలి రైతు నుదురు పగిలి రక్తము కారెను. ప్రాణాపాయము తప్పినది. కట్టు కట్టించుకొని వచ్చునప్పుడు ఆయన మాతో నెమ్మదిగా నిట్లనెను: "అయ్యా, నేలనుబట్టి విత్తనమని మాకు ఏటేట చెప్పుదురు గదా. బండికి మాత్రము నేల చూడవలదా?" ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను. ఆ బండి ఏడాదిలో బురద త్రొక్కిన దినములను లెక్కించి చూచితిమి, ఇరువదికి మించలేదు. మిగిలిన దినములన్నియు మేము తగని టైరుతో రోడ్డుపై నడచినవారమే.

టైరు కొనునప్పుడు దాని ప్రక్కగోడపై నున్న అంకెలను చదువ నేర్వవలెను. ఇందులో మర్మమేమియు లేదు. 245/75 ఆర్ 16 అని యున్నచో, టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు, అనగా ఇంచుమించు 184 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్ కట్టడము. 16 అనగా లోపలి ఇనుప చక్రము అడ్డుకొలత అంగుళములలో. పిమ్మట వచ్చు అంకె మోయగల బరువునకు గుర్తు: 100 అనిన ఒక్కొక్క టైరు 800 కిలోలు, 112 అనిన 1120 కిలోలు. కూరగాయల బస్తాలు వేయువారు దీనిని తప్పక చూడవలెను. వేఱొక చోట నాలుగంకెలు ఒక గడిలో నుండును. 2325 అని యున్నచో అది 2025వ సంవత్సరము 23వ వారమున తయారైనది. ఏండ్ల తరబడి అంగడిలో ఎండిన టైరు క్రొత్తదివలె మెఱసినను రబ్బరు గట్టిపడి యుండును. విత్తనపు సంచిపై గడువు చూచునట్లే దీనిని చూడుడు. గాళ్లలో అక్కడక్కడ చిన్న మిట్టలుండును. గుబ్బ అరిగి వానితో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినదని తెలిసికొని టైరు మార్చవలెను.

టైరు తెగకంటె గాలి ముఖ్యమని మా యనుభవము. బెల్ఫాస్టు నగరమున డన్లపు అను పశువైద్యుడు 1888లో తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైరు కట్టినది మొదలు, ఈ రబ్బరు చక్రమున బరువును మోయునది రబ్బరు కాదు, గాలియే. టైరు నేలను నొక్కు ఒత్తిడి లోపలి గాలి ఒత్తిడికి ఇంచుమించు సమానముగా నుండును. గాలి తగ్గించిన టైరు పఱచుకొనును, నేలపై ఒత్తిడి తగ్గును, బండి దిగబడదు. కావున ఇసుకలోను మెత్తని నేలలోను కొంత గాలి తీసి మెల్లగా పోవచ్చును. కాని రోడ్డెక్కుటకు ముందు కంపెనీవారు తలుపు ప్రక్కన వ్రాసిన కొలతకు మరల నింపి తీరవలెను. గాలి తక్కువైన టైరు వేగముగా పోయిన లోపల వేడెక్కి పగులును. వందల రూపాయల గాలి కొలత సాధనమును, చిన్న పంపును కొనక, వేల రూపాయల టైరు కొనుట వివేకము కాదు.

ట్రాక్టరు సంగతియు ఇట్టిదే. అమెరికాలో 1932లో ట్రాక్టర్లకు గాలి టైర్లు వచ్చుటకు ముందు ఇనుప చక్రములే యుండెడివి. నేడు వెనుక చక్రమునకు ఆర్ 1 గుర్తు గలది మెట్టసేద్యమునకును, అంతకు ఇంచుమించు రెట్టింపు లోతు గుబ్బలు గల ఆర్ 2 గుర్తుది వరిమడి బురదకును తగినవి. మెట్టపైనను రోడ్డుపైనను ఎక్కువగా తిరుగువారు ఆర్ 2 వేసిన గుబ్బలు వృథాగా అరిగిపోవును. దమ్ముకు వేయు ఇనుప కేజీవీళ్లను విప్పక రోడ్డెక్కుట మాత్రము తప్పు. అది మన పన్నులతో వేసిన రోడ్డును మనమే దున్నుట. మోటారు బండికి గాలి టైర్లుండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములును చెప్పుచున్నవి.

ఇప్పుడు నానిన రేగడి మాట. పదును మించిన నేలపై బరువైన చక్రము పోయినచో మట్టిలోని గాలి రంధ్రములు అణగి, గట్టి పొర యేర్పడును. నీరు ఇంకదు, వేరు దిగదు. ఈ కీడులో ఎక్కువ పాలు మొదటి పోకతోనే జరుగును. పెద్ద టైరు వేసితిని గనుక పోగలను అనువాడు తన బలమును చూచుకొనుచున్నాడు గాని నేల బాధను చూచుట లేదు. పోగలుగుట వేఱు, పోదగుట వేఱు. శనివారపు బంధువులతోను స్నేహితులతోను మొగమాటము లేక చెప్పుడు: బండిని గట్టుకడ నిలిపి, చేనిలోనికి కాలినడకన రండు. చేను చూడవచ్చినవారికి అది అవమానము కాదు.

కొందఱు మాతో వాదింతురు: ఆపద వచ్చినప్పుడు, రాత్రివేళ వానలో రోగిని తీసికొనిపోవలసినప్పుడు, బురద టైరు ఆదుకొనదా అని. మంచి ప్రశ్నయే. కాని రోగిని ఎక్కించుకొన్న బండి డొంక దాటిన పిమ్మట ఆసుపత్రి వఱకు తడి రోడ్డుపైననే గదా పరుగెత్తవలెను. ఆ వేళ బ్రేకు పట్టు తగ్గిన టైరు ఆదుకొనునా? డొంకలోని ఆ కొద్ది దూరమునకు గట్టి త్రాడును, పొరుగువాని ట్రాక్టరును చాలును. ఇంకను మేలు, ఊరివారు కలిసి డొంకకు మొరము తోలుట. ఒక డొంక బాగుపడిన ఊరిలోని బండ్లన్నిటికి మంచి టైరు వేసినట్లే.

కావున మా యభిప్రాయమిది. పొలము దారి కొంత, రోడ్డు ఎక్కువగా నడచు బండికి ఆల్ టెరైన్ టైరే తగినది. అందును గుబ్బలు మఱీ విరళముగా లేనిది, ప్రక్కగోడ గట్టిది ఎన్నుకొనవలెను. రోడ్డు విడువని బండికి హైవే టైరు చాలును. బురద టైరు అడవిలోను బురదలోను నిత్యము పనిచేయు బండికే గాని మనకు కాదు. కంపెనీ చెప్పిన కొలతకు మించిన వెడల్పు టైరు వేయరాదు. అది స్టీరింగును బరువు చేయును, మలుపులలో లోపల రాచుకొనును. నాలుగు చక్రములకును ఒకే తెగ టైర్లుండవలెను. అయిదవది, అనగా స్టెప్నీ, మఱవరాదు.

వెల మాటయు నొకటి. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరు టైర్లపై జీఎస్టీ నూటికి 18 నుండి 5కును, జీపుల క్రొత్త టైర్లపై 28 నుండి 18కిని తగ్గినది. బిల్లు అడిగి పుచ్చుకొని, ఆ తగ్గింపు మీకు చేరినదో లేదో చూచుకొనుడు. సదాశివపేటలో టైర్లు తయారగుచున్నవి, జహీరాబాదులో ట్రాక్టర్లు తయారగుచున్నవి. ఇంత దగ్గఱ నుండియు మనమొక్కొక్కరము విడివిడిగా అంగడికి పోయి, చెప్పిన వెలకు తల యూపుట యెందులకు? ఎరువులు కలిసి తెచ్చుకొనునట్లే, ఏడాదికొకసారి సభ్యులందఱి యవసరమును పట్టికగా వ్రాసి, సంఘము తరపున బేరమాడవచ్చును. గాలి కొలత సాధనమును, పంపును సంఘపు గిడ్డంగిలో ఉంచిన ఎల్లరకు నుపయోగపడును. రాబోవు సమావేశమున సభ్యులు ఈ రెండు విషయములను చర్చింపవలెనని కోరుచున్నాము.

ఇసుకపై ఇల్లు కట్టినవాని కథను మేము చిన్ననాట బడిలో వింటిమి. నేలను చూడక కట్టినది నిలువదని దాని సారము. బండికిని అదియే న్యాయము. ముసలి రైతు నుదుటిపై ఆ మచ్చ నేటికిని ఉన్నది. దానిని చూచినప్పుడెల్ల మేము నేర్చిన పాఠము మీరు ఆ వెల ఇయ్యకయే నేర్చుకొందురని ఈ నాలుగు మాటలు వ్రాసితిమి.