కుటుంబ ఆరోగ్యం: మందులు, పింఛను, పని



“మా వారికి హెచ్‌.ఐ.వి. ఉంది. మందులు వాడి కోలుకున్నారు. వికలాంగుల పింఛను వస్తుందా? మళ్లీ పనికి పంపవచ్చా?” సోదరీమణులు కొందరు మెల్లగా అడిగే ప్రశ్న ఇది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో హెచ్‌.ఐ.వి. లేదు. కనుక కేవలం ఈ వ్యాధి ఉన్నందుకు సదరం సర్టిఫికెట్టు రాదు. జబ్బు వల్ల చూపు పోయినా, కాలుచెయ్యి పడిపోయినా ఆ లోపానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఏ.ఆర్‌.టి. మందులు వాడేవారికి వేరే పింఛను ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దానిని నెలకు 4,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలు చేశారు. వివరాలు ఏ.ఆర్‌.టి. కేంద్రంలోని కౌన్సెలరును అడగండి.

పింఛనుతోనే ఇల్లు గడవదు. ఒంట్లో శక్తి ఉంటే పనికి వెళ్లవచ్చు. పక్కన నిలబడి పనిచేసినా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా ఈ వ్యాధి అంటదు. పని చేయగలవానికి హెచ్‌.ఐ.వి. పేరుతో పని నిరాకరించరాదని 1997లోనే బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఉద్యోగానికి హెచ్‌.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టకూడదు. కూలి పోతుందని మాత్రం మందులు తెచ్చుకునే రోజు మానవద్దు.

యేసు ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టాడు, బాగుచేసి యాజకునికి కనబరచుకొమ్మని పంపాడు. సంఘంలో మన గుసగుసలు ఒక సోదరుని పని పోగొట్టగలవు. అతని గుట్టు కాపాడుదాం, పని ఇప్పిద్దాం.