చట్టంలో ఉన్న ఇల్లు ఊళ్ళో ఏదీ?

నూర్పిడి యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న కూలీ, బోరు మోటారు దగ్గర కరెంటు షాకు తగిలి కాలు తీయించుకున్న కౌలురైతు, తాటిచెట్టు మీంచి జారిపడి నడుం విరిగిన గీత కార్మికుడు, నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఒళ్ళు వంకర్లు పోయిన మనిషి - వీరంతా మన పల్లెల్లో మనకు తెలిసినవారే. దేశానికి తిండి పెట్టే పనిలోనే వీరి కాళ్ళూ చేతులూ పోయాయి. ఊరి నీళ్ళే వీరి నడుములు వంచాయి. అయినా మనం "వాడి ఖర్మ" అని ఊరుకుంటున్నాం. ఇది ఖర్మ కాదు. ప్రభుత్వాలు తీర్చవలసిన బాకీ.

2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను "దివ్యాంగులు" అని పిలుద్దామన్నారు. పేరైతే మారింది. కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛను మాత్రం 2012 నుంచీ నెలకు 300 రూపాయల దగ్గరే నిలబడిపోయింది. అదైనా 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉంటేనే. అంటే రోజుకు పది రూపాయలు! దివ్యత్వానికి ఢిల్లీ కట్టిన ధర ఇది.

రాష్ట్రాలు కొంత మెరుగే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023 జూలైలో 4,016 అయింది. ఆ ఏడాది ఎన్నికల్లో 6,000 ఇస్తామన్నవారే గద్దెనెక్కారు. ఆ మాట నిలబెట్టుకోమని 2025లో కూడా వికలాంగులు రోడ్డెక్కవలసి వచ్చింది.

ఇక శాతాల సంగతి. ఆంధ్రలో 2025లో మళ్ళీ పరీక్షలు చేసి, 40 శాతం లోపు వచ్చిందంటూ చాలామందికి నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తామంటే మేము కాదనం. కాని ఆసుపత్రిలో కొలిచేది అవయవాన్ని, బతుకుతెరువును కాదు. గుమాస్తాకు రెండు వేళ్ళు పోయినా నౌకరీ పోదు. నాట్లేసే కూలీకి పోతే ఆ మర్నాటి నుంచే పిలుపు ఉండదు. ఈ తేడా ఏ సదరం కాగితంలో రాస్తున్నారు? పైగా ఆ కాగితం కోసం స్లాటు, జిల్లా ఆసుపత్రికి ప్రయాణం, తోడొచ్చిన మనిషి కూలి నష్టం. తీరా వెళ్తే "డాక్టరుగారు లేరు, వచ్చే వారం రా" అంటారు.

తెలంగాణ రైతుబీమాను చూడండి. పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. కాలు పోయి మంచాన పడితే మాత్రం అందులో పైసా రాదు. భూమిలేని కూలీకీ, కౌలుదారుకూ చచ్చినా రాదు.

అసలు మేము చెప్పదలచింది ఇంటి గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం ఇళ్ళ పథకాల్లోనూ, సాగుభూమి పంపిణీలోనూ 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి 5 శాతం కేటాయించాలి. అందులో స్త్రీలకు ముందు ఇవ్వాలి. 24వ సెక్షన్ ప్రకారం సామాజిక భద్రతా పథకాల్లో ఇతరులకిచ్చే దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ సాయం చెయ్యాలి. పింఛన్లలో ఈ తేడా కనిపిస్తుంది. ఇళ్ళలో కనిపించదు. ఇల్లు లేని సామాజిక భద్రత ఏమిటి?

తెలంగాణ ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. పాతిక శాతం కలిపితే 6 లక్షల 25 వేలు కావాలి. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతాలకు 1 లక్షా 20 వేలు. అది లక్షన్నర కావాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుదారి, వెడల్పు గుమ్మం, లోపలే మరుగుదొడ్డి కట్టాలంటే ఖర్చవుతుంది. రాత్రిపూట చేలగట్టుకు పాక్కుంటూ పోయే ఆడమనిషికి ఆ మరుగుదొడ్డి సౌకర్యం కాదు, మానం.

ఇంకో చిక్కుంది. ఇందిరమ్మ ఇంటికి బేస్‌మెంటు లేచాకే మొదటి లక్ష వస్తుంది. కూలికి పోలేనివాడు ఆ బేస్‌మెంటు దేంతో లేపుతాడు? వడ్డీకి తెస్తాడు. లేదా "నా వల్ల కాదయ్యా" అని ఊరుకుంటాడు. అప్పుడు అధికారులు లబ్ధిదారుకే ఆసక్తి లేదని రాసుకుంటారు.

కాబట్టి మా డిమాండ్లు స్పష్టం. కేంద్ర పింఛను పెంచాలి, 80 శాతం షరతు తీసెయ్యాలి. వికలాంగుల ఇంటికి 25 శాతం అదనంగా ఇవ్వాలి, మొదటి విడత ముందే ఇవ్వాలి. పరీక్షల శిబిరాలు మండల కేంద్రాల్లో పెట్టాలి. పొలం పనిలో అవయవం పోయిన కూలీకీ, కౌలుదారుకూ బీమా వర్తించాలి.

అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈసారి గ్రామసభలో ఇళ్ళ జాబితా చదివినప్పుడు మనం ఒక్క ప్రశ్న వేద్దాం: "వందలో అయిదుగురేరీ?" జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. సభకు రాలేనివారిని మంచం మీదైనా మోసుకొద్దాం. రైతుకూలీ సంఘాలు దీన్ని వికలాంగుల గొడవ అని పక్కన పెట్టరాదు. ఇవాళ యంత్రం ముందు నిలబడ్డ చెయ్యి రేపు ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు?