వల్లెవేసిన వ్యాసము

ఆంగ్లపరీక్షలో వ్యాసము వ్రాయుమనుట విద్యార్థి తన బుద్ధిని చూపుటకై. మన పాఠశాలలలో అది జ్ఞాపకశక్తిని మాత్రమే చూపు తంతుగా మారినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో పదవతరగతి పిల్లల చేతులలో గైడు పుస్తకములే పాఠ్యపుస్తకములకంటె ఎక్కువ నలుగుచున్నవి. అందలి వ్యాసమును బాలుడు మొదటినుండి తుదివరకు వల్లించును. పరీక్షనాడు కాగితముపై దించును. ఆ మాట తనది కాదు, ఆ తలపు తనది కాదు. మార్కులు మాత్రము తనవి! దీనికి విద్య యని పేరుపెట్టుట న్యాయమా?

వ్యాసములందు భేదములు కలవు. జరిగినదానిని వరుస తప్పక చెప్పునది కథనము. చూచినదానిని చదువరి కన్నులకు గట్టించునది వర్ణనము. విషయమును అటునిటు త్రిప్పి యోజించునది చింతనము. ఒక పక్షమును నిలిపి, ఎదుటిపక్షమునకు సమాధానము చెప్పునది వాదము. లేఖ యన్ననో, చదువువారిని బట్టి మాటతీరు మార్చుకొనును. ఒక్కొక్కదానికి మనస్సు ఒక్కొక్క తీరున పనిచేయవలెను. అన్ని రోగములకు ఒకే మాత్ర నిచ్చు వైద్యునికడకు మన బిడ్డలను పంపము గదా! అన్ని వ్యాసములకు కంఠస్థము చేయుటయే మందనువారికి మాత్రము ఏల పంపుచున్నాము?

కడప జిల్లాకు సముద్రతీరము లేదు. అయినను ఇచ్చటి బాలిక సముద్రపుటొడ్డున సాయంకాలమును వర్ణించు వాక్యములను వల్లించుచున్నది. జమ్మలమడుగు చెంత పెన్న కొండను చీల్చుకొని పారుచుండగా, ఆ లోయయంచున గండికోట నిలిచియున్నది. దానినిగూర్చి నాలుగు వాక్యములు సొంతముగా కూర్పుమన్నచో తెల్లబోవును. ప్రొద్దుటూరి బంగారు అంగళ్ల సందడి వర్ణనమునకు చాలదా? పులివెందుల రైతు చీనీతోటకు నీరు చాలక బోరు వేయించిన వృత్తాంతము కథనమునకు తగదా? అప్పుచేసి రెండవ బోరు వేయించుట యుక్తమా కాదా యనునది వాదమునకు విషయము కాదా?

"భాష రాని పిల్లలు సొంతముగా వ్రాసినచో తప్పులు దొరలును, మార్కులు పోవును" అని కొందరందురు. నిజమే, మొదట తప్పులు దొరలును. నీటిలో దిగక ఈత నేర్చినవాడెవడు? ప్రశ్నలో ఒక్కమాట మారినంతనే వల్లెవేసినవాడు దిక్కుతోచక, అడుగని వ్యాసమును దించి వచ్చును. పేదబిడ్డకు ఆంగ్లము జీవనోపాధికి తెరువు. దానిని మూయవలెనని మేము కోరుట లేదు. అది నిజముగా తెరచుకొనవలెననియే మా వాదము. రేపు కొలువులో ఒక విన్నపమును సొంతముగా వ్రాయలేనివానికి నేటి మార్కులు ఏమి అక్కరకు వచ్చును?

పరభాషను వశపరచుకొను మార్గమునకు ఈ జిల్లాయే దృష్టాంతము. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితుల నాశ్రయించి, వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి తెలుగు నేర్చెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. ప్రొద్దుటూరున 'శివతాండవము' రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారు ఆంగ్లమునను కవిత్వము వ్రాసిరి. చెప్పవలసినది లోపల నున్నవారికి భాష పనిముట్టగును; లేనివారికి మోతబరువగును.

కావున ఉపాధ్యాయులు మొదట విషయమును తెలుగున మాటలాడింపవలెను. పిమ్మట చిన్నచిన్న ఆంగ్లవాక్యములలో వ్రాయింపవలెను. తప్పులు దిద్ది మరల వ్రాయింపవలెను. ప్రశ్నపత్రము కూర్చువారు గైడులో దొరకని ప్రశ్న వేయవలెను. దిద్దువారు సొంతభావమునకు, అది తడబడు వాక్యములోనున్నను, విలువ కట్టవలెను. తల్లిదండ్రులారా! "ఎన్ని మార్కులు?" అని యడుగుటకు ముందు "నీవేమి వ్రాసితివి?" అని మీ బిడ్డ నడుగుడు. దానికి మీ బిడ్డ తెలుగుననైనను బదులు చెప్పలేనిచో, ఆ మార్కులు గైడు వ్రాసినవానివేగాని మీ బిడ్డవి కావని తెలిసికొనుడు.