వైఫై వసారాలో, మన పని దొడ్లో

మన గోదావరి జిల్లాల్లో శివారు రైతు బాధ అందరికీ తెలిసిందే. కాలువ తవ్వుతారు, లాకులు కడతారు, లెక్కల్లో ఆయకట్టంతా తడుస్తుంది. శివారు పొలానికి మాత్రం నీరందదు. ఇంటర్నెట్ విషయంలో ఆ శివారు మన ఇళ్ళల్లోనే ఉంది, అక్కడున్నది ఆడవాళ్ళే అని నేనంటాను.

కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌నెట్ 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామంతో ఆర్భాటంగా మొదలైంది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు, అప్పట్లో నెలకు 149 రూపాయలన్నారు. తీగ ఊరికొచ్చింది, ఇంటికొచ్చింది. మరి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమంది? ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. తీగకు ఆడా మగా తేడా లేదు కదా, ఈ తేడా ఎక్కడ పుట్టింది?

రూటరు ఎక్కడ పెట్టారో చూడండి. వసారాలో, టీవీ పక్కన, మగవాళ్ళు కూర్చునే చోట. అన్నవరం చుట్టుపక్కల మేం తిరిగే ఊళ్ళల్లో ఆడవాళ్ళ పనంతా వంటింటి వెనక, పశువుల పాకలో, తోటలోని మకాంలో. మా సంఘం సభ్యులు నలుగురు ఒక మకాంలో కుట్టు మిషన్లు వేసుకున్నారు. ఇంటికీ మకాంకీ మధ్య నూటయాభై మీటర్ల జీడిమామిడి తోట. జాకెట్టు నమూనా ఫోనులోకి రావాలంటే వసారా మెట్ల దాకా నడిచి, అక్కడున్న మగవాళ్ళ ముందు నిలబడాలి. "ఎవరితో మాటలు?" అన్న ప్రశ్న ఎలాగూ ఉచితం! సెల్‌లో డేటా ఉంది కదా అంటారు. రీచార్జి ఎవరి చేతిలో ఉందో అడగండి. పైగా కొండ చాటున ఆ మకాంలో సిగ్నలు నిలవదు.

ఇది తీరని చిక్కేమీ కాదు. రూటరు తరంగాలు గోడలు దాటేసరికే నీరసిస్తాయి, తడి ఆకులు మరికొంత మింగేస్తాయి. మధ్యలో రిపీటరు పెడితే చాలాసార్లు వేగం సగానికి పడిపోతుంది. మామూలు రాగి నెట్‌వర్కు కేబులు 100 మీటర్ల వరకే. అంతకు మించితే గొట్టంలో ఫైబరు తీగ పూడ్చుకోవచ్చు. అది గాజు కాబట్టి పిడుగుపాటు కరెంటు దాని వెంట పాకదు. లేదా డాబా మీద ఒకటి, మకాం మీద ఒకటి, ఎదురెదురుగా ఆరుబయట బిగించే రేడియో పెట్టెలు పెట్టుకోవచ్చు. ఒకదానికొకటి కనపడాలి, నడుమ కొమ్మ అడ్డురాకూడదు. చెట్టు పెరుగుతుంది గనుక కాస్త ఎత్తుగానే నిలపాలి. మకాంలో ఇంకో చిన్న రూటరు, దానికి కరెంటు ఉంటే చాలు. మొత్తం ఖర్చు కొన్ని వేలు.

ఆ కొన్ని వేల దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. బండికి అప్పు తెచ్చే ఇంట్లో ఇది "ఆడవాళ్ళ సరదా" అయిపోతుంది. సరే, ఒప్పుకున్నారే అనుకోండి, పాస్‌వర్డు ఎవరిది? అదీ ఇంటాయన చేతిలోనే ఉంటే ఏ ఫోను కలిసిందో, ఎప్పుడు కట్టేయాలో ఆయనే చూసుకుంటాడు. తీగతో పాటు నిఘా కూడా మకాం దాకా పాకుతుంది. అందుకే మకాం రూటరు అక్కడ పనిచేసేవాళ్ళు పెట్టుకున్న పాస్‌వర్డుతోనే నడవాలని నా పట్టు. వసారాలో స్విచ్చి ఆపితే ఇదీ ఆగుతుంది, నిజమే. అసలు కనెక్షనే ఆడమనిషి పేర తీసుకోగలిగితే మరీ మంచిది.

హాస్టల్లో ఆడపిల్లల ఫోన్ల మీద ఆంక్షలను ప్రశ్నించిన ఫహీమా షిరీన్ కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లో చెప్పింది. హాస్టలు గదికి వర్తించిన మాట ఇంటి దొడ్డికి వర్తించదా?

మన సంస్థల మీదా నాకు కోపముంది. డిజిటల్ అక్షరాస్యత అని బ్యానరు కట్టి, ఫోటో తీసి, నివేదిక పంపేస్తాం. రూటరు ఇంట్లో ఎక్కడుందని ఏ సర్వే ఫారంలో అడిగాం? పొదుపు సంఘాల అప్పుల్లో గేదెకు చోటుంది, కుట్టు మిషనుకు చోటుంది. ఈ పెట్టెలకూ ఇవ్వమని మావాళ్ళు అడిగితే "ఇది ఉపాధా, సౌకర్యమా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. సిగ్నలు అందక చేజారిన ఆర్డర్లన్నీ పుస్తకంలో రాసుకున్నారు. వచ్చే సమావేశానికి ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్తున్నారు.