పైలట్ జీతం: వ్యాసంలో లేని లెక్క

సంపాదకులకు,

ఇంటర్ తర్వాత పద్దెనిమిది నెలల్లో పైలట్ కావచ్చని, చేరిన నాటి నుంచే లక్షల జీతం వస్తుందని చెప్పిన మీ పత్రికలోని వ్యాసం, మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంత తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలను దాటవేసింది. అందులో చూపిన జీతం అనుభవజ్ఞుడైన కెప్టెన్‌ది. కొత్తవారు చేరేది ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే సహపైలట్‌గా, అదీ ఖాళీలున్నప్పుడే.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్, రాత పరీక్షలు, క్లాస్-1 వైద్య ధ్రువపత్రం తప్పనిసరి కాగా, వాతావరణం వల్లనో, శిక్షణ విమానాలు, శిక్షకులు చాలకనో ఆ గంటలు తరచూ గడువులో పూర్తికావు. సుమారు అరకోటి ఖర్చయ్యాక కూడా, ఎయిర్‌బస్ ఎ320 వంటి నిర్దిష్ట విమానం నడిపే అర్హతైన టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు కట్టాలి.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు నీటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఈ మెట్ట ప్రాంతంలో ఆ సొమ్ము వచ్చేది పొలం అమ్మితేనో, తాకట్టు పెడితేనో. వడ్డీ మాత్రం ఉద్యోగం వచ్చేదాకా ఆగదు. పైగా 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమానయాన సంస్థలు ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్న పైలట్లే కొత్తవారికి పోటీగా నిలిచారు. ఈ చరిత్రను వ్యాసం ప్రస్తావించకపోవడం చిన్న లోపం కాదు.

ఫీజు కట్టేముందే వైద్య పరీక్ష పూర్తిచేయించడం, గత బ్యాచ్‌లలో ఎందరికి, ఎంత కాలానికి ఉద్యోగం దొరికిందో పైలట్ శిక్షణ అకాడమీల నుంచి రాతపూర్వకంగా కోరడం అవసరం.

— ఒక పాఠకుడు, గిద్దలూరు