ముద్రకు చట్టం ఉంది, చేతికి ఏదీ?

పాతబస్తీలో మదీనా నుంచి చార్మినార్ దాకా నడిస్తే పేరున్న కంపెనీల ముద్రలేసిన ‘ఫస్ట్ కాపీ’ బూట్లు కనిపిస్తాయి. నకిలీ ముద్రతో సరుకు అమ్మితే ట్రేడ్ మార్కుల చట్టం 1999 ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. బండి మీద అమ్ముకునేవాడికీ ఇదే చట్టం.

మరి తరతరాలుగా దళితులు కుట్టిన చెప్పును ఓ పెద్ద కంపెనీ కాపీ కొడితే?

2019లో ఇటలీ డిజైనర్ సంస్థ ప్రాడా, క్రీడా దుస్తుల కంపెనీ అడిడాస్‌తో చేతులు కలిపింది. బూట్లూ బ్యాగూ కలిపి 700 సెట్లు, ఒక్కోదానికి నంబరేసి అమ్మారు. సరుకు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అది ఇద్దరు సమానుల ఒప్పందం.

అదే ప్రాడా 2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన పురుషుల ఫ్యాషన్ షోలో మోడళ్ల కాళ్లకు కొల్హాపురి చెప్పుల్లాంటివే తొడిగింది. ‘తోలు చెప్పులు’ అని చెప్పి ఊరుకుంది. కొల్హాపూర్ ఊసు లేదు. వాటిని కుట్టే చమార్, ఢోర్, సమగార కులాల ఊసు అంతకన్నా లేదు. గొడవయ్యాక గానీ ఆ సంస్థ భారతీయ చెప్పులే స్ఫూర్తి అని ఒప్పుకోలేదు.

కొల్హాపురి చెప్పులకు 2019లోనే జీఐ గుర్తింపు వచ్చింది. అయితే జీఐ చట్టం కాపాడేది ప్రధానంగా పేరును. పేరు వదిలేసి రూపం ఎత్తుకెళ్తే పట్టుకోవడం కష్టం. డిజైన్ల చట్టం కొత్త డిజైన్లకే వర్తిస్తుంది. తాతల నాటి పనితనం దాని కింద నమోదు కాదు. ఇక జీఐ హక్కుదారులు మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు సంస్థలు లిడ్‌కామ్, లిడ్‌కర్. అందుకే న్యాయవాదులు వేసిన పిల్‌ను బొంబాయి హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. కుట్టిన చేతులకు నేరుగా కోర్టు గడప ఎక్కే దారి అంత తేలిక కాదు.

డిసెంబరులో ఆ రెండు సంస్థలతో ప్రాడా ఒప్పందం చేసుకుంది. రెండు రాష్ట్రాల్లో 2,000 జతలు తయారవుతాయి, జత ధర దాదాపు 800 యూరోలు. ఇది పోరాడితే వచ్చిందే, కాదనలేం. అయితే అడిడాస్‌కు దక్కిన స్థానం వేరు. అడిడాస్ భాగస్వామి. ఇక్కడి దళిత కళాకారులు ఇంకా పనివాళ్లే.

ఇది మనకు పరాయి కథ కాదు. తంగేడు చెక్కతో తోలు ఊనిన లందలు మాదిగవాడల్లోనే ఉండేవి. తోలు ముట్టిన చెయ్యి అంటరానిదన్న సమాజమే, అదే తోలు ర్యాంపు ఎక్కితే కళ అంటోంది. కులం మనిషికే అంటింది, సరుకుకు అంటలేదు. పొరుగు రాష్ట్రాల సంస్థలకు జీఐ చేతిలో ఉంది కాబట్టే ప్రాడా వాళ్ల ముందు కూర్చుంది. మన దగ్గర లిడ్‌క్యాప్ భూముల్లో తోలు పరిశ్రమలు పెట్టాలని మాదిగ సంఘాలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. ఆ డిమాండ్‌కు ఇప్పుడు మరో మూడు జోడించాలి.

ఒకటి, జీఐ హక్కులో కళాకారుల సహకార సంఘాలే యజమానులుగా ఉండాలి. రెండు, ఏ కంపెనీతో ఒప్పందం కుదిరినా ధరలో కుట్టినవారి వాటా ఎంతో రాతపూర్వకంగా బయటపెట్టాలి. మూడు, పేరు వాడకుండా రూపాన్ని దోచుకోవడాన్ని కూడా చట్టం నేరంగా చూడాలి.

ఫుట్‌పాత్ మీది కాపీ నేరమైతే, ర్యాంపు మీది కాపీ ‘స్ఫూర్తి’ ఎలా అవుతుంది? ఫ్యాషన్, డిజైన్, న్యాయశాస్త్రం చదువుతున్న మన విద్యార్థులు ఈ ప్రశ్నను తరగతి గదిలోకి తీసుకెళ్లాలి.